ఆ పచ్చ తెట్టు విషమో కాదో ఫోటో చూసి చెప్పలేను

ఎండలు ముదిరి నాలుగు రోజులు గాలి ఆడకపోతే చాలు, నా ఫోన్‌కి పచ్చటి ఫోటోలు రావడం మొదలవుతుంది. చెరువులు, రిజర్వాయర్లు, తోటలో తవ్వించుకున్న కుంటలు. అన్నిటి కిందా ఒకే ప్రశ్న: "ఇది డేంజరా?" నేను నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. నాచును మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం, లెక్కపెట్టడం నా పనిలో ఒక భాగం. అందుకని బంధువులు, ఫ్రెండ్సు, వాళ్ళ ఫ్రెండ్సు కూడా నన్నే అడుగుతారు. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

విషం ఉందో లేదో ఫోటో చూసి నేను చెప్పలేను. ఆ మాటకొస్తే మైక్రోస్కోపులో చూసినా చెప్పలేను. ఒకే జాతి నాచులో విషం తయారుచేసేవీ ఉంటాయి, చేయలేనివీ ఉంటాయి. రెండూ ఒకే చెంచాడు నీళ్ళలో కలిసి పెరుగుతాయి, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి. తేడా అంతా జన్యువుల్లో. పోయిన వారం విషం లేని చెరువులో ఈ వారం ఉండొచ్చు. అది తేలాలంటే వేరే పరీక్ష చేయాలి, దానికి టైమూ పడుతుంది, ఖర్చూ అవుతుంది. కానీ ఆ నీళ్ళలో దిగొచ్చా, పిల్లల్ని ఆడనివ్వొచ్చా అన్నది మాత్రం చాలాసార్లు కంటితో చూసే తేల్చుకోవచ్చు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదాన్ని ల్యాబ్‌కి వదిలేయండి. రెండోదానికి మీ కళ్ళు చాలు, ఏం చూడాలో తెలిస్తే.

నీళ్ళలో పచ్చగా కనిపించేదల్లా చెడ్డది కాదు. చెరువు బతికేదే నాచు మీద. చేపపిల్లలు తినే చిన్న పురుగులు తినేది ఆ నాచునే. మంచినీళ్ళలో మనం జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా సయానోబ్యాక్టీరియాతో. స్కూలు పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలుగా చదువుకున్నవి ఇవే. ఎండతో తమ ఆహారం తామే తయారుచేసుకునే బ్యాక్టీరియా ఇవి. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలోకి ఆక్సిజన్ ఎక్కించింది వీటి పూర్వీకులే కాబట్టి, తిట్టాలనుకున్నా ఒకసారి ఊపిరి పీల్చుకుని తిట్టాలి.

అవి విపరీతంగా పెరిగినప్పుడు ఎలా ఉంటాయో చెప్పాలంటే అందరూ వాడే పోలిక ఒకటుంది: నీళ్ళ మీద పెయింటు డబ్బా ఒలకబోసినట్టు. ఇంతకన్నా మంచి పోలిక నాకూ దొరకలేదు. 1878లో జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు గురించి 'నేచర్' పత్రికకు రాసిన లేఖలోనూ ఇదే మాట ఉంది. నీటి మీద పచ్చ ఆయిల్ పెయింటులాంటి తెట్టు, రెండు నుంచి ఆరు అంగుళాల మందాన కట్టిందని రాశాడు. ఆ నీళ్ళు తాగిన గొర్రెలు గంట నుంచి ఎనిమిది గంటల్లోపు, గుర్రాలు ఒక్క రోజులోపు చనిపోయాయి. ఈ నాచు విషం గురించి శాస్త్ర పత్రికల్లో వచ్చిన తొలి రాతల్లో అదొకటి.

పచ్చరంగు ఒక్కటే అనుకోకండి. ఒడ్డున ఎండిపోతున్న తెట్టు అంచుల్లో నెమలికంఠం రంగు గీత కనిపిస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. కణాలు చచ్చి పగిలినప్పుడు లోపలున్న ఫైకోసయనిన్ అనే నీలిరంగు పదార్థం బయటికి కారుతుంది, ఆ గీత దాని వల్లే. మామూలు ఆకుపచ్చ నాచులో ఆ పదార్థం ఉండదు. గోధుమరంగు తెట్లూ ఉంటాయి, ఎర్రవీ ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని మూర్టెన్ సరస్సులో ప్లాంక్టోథ్రిక్స్ రుబెసెన్స్ అనే రకం పెరిగినప్పుడు నీళ్ళు ఎర్రబడేవి. 1476లో అక్కడ జరిగిన యుద్ధంలో చనిపోయిన బర్గండీ సైనికుల రక్తమే పైకి తేలిందని జనం చెప్పుకునేవారు.

ఇవి ఎందుకు పైకి తేలతాయో చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. శాంపిల్ సీసాను బల్ల మీద కదపకుండా ఉంచితే కాసేపటికే పచ్చదనం అంతా పైకి ఎగబాకి, సీసా మెడ దగ్గర పట్టీలా చేరుతుంది. కింద నీళ్ళు తేటబడతాయి. అందులోంచి ఒక బొట్టు తీసి మైక్రోస్కోపు కింద పెడితే, మైక్రోసిస్టిస్ అనే రకం సయానోబ్యాక్టీరియా అయితే జిగురులో ఇరుక్కున్న చిన్న చిన్న గుండ్రటి కణాలు గుంపుగా, మధ్యలో అక్కడక్కడా చిల్లులతో కనిపిస్తాయి. ఒక్కో కణంలో నల్లటి మచ్చలుంటాయి. అవి మచ్చలు కావు, గాలి గదులు. వాటితోనే అది తేలుతుంది. 1895లో క్లెబాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చిన తీరు నాకు భలే ఇష్టం. నాచు నీళ్ళతో సీసాని నిండుగా నింపి, గట్టిగా బిరడా బిగించి, ఆ బిరడా మీద సుత్తితో ఒక్కటి వేశాడు. ఆ ఒత్తిడికి గాలి గదులన్నీ కూలిపోయాయి. అంతవరకూ తేలుతున్న నాచు మొత్తం అడుక్కి దిగిపోయింది. లక్షలు పోసి కొనే పరికరాలతో కుస్తీ పట్టే మాకు సుత్తీ సీసాతో జరిగిన ప్రయోగం అంటే కాస్త అసూయే.

చెరువులో జరిగేదీ ఇదే. రాత్రంతా గాలి లేకుండా నిశ్చలంగా ఉంటే తెల్లారేసరికి నాచు అంతా పైకి చేరుతుంది. తర్వాత చిరుగాలి మొదలైతే ఆ తెట్టును నెట్టుకుంటూ పోయి ఒక ఒడ్డుకు చేరుస్తుంది. అంటే ఒకే చెరువులో, ఒకే ఉదయం, ఈ గట్టున నీళ్ళు తేటగా ఉండొచ్చు, ఎదుటి గట్టున నాచు వెయ్యి రెట్లు చిక్కబడి ఉండొచ్చు. మధ్యాహ్నానికి గాలి పెద్దదైతే అంతా కలిసిపోయి, మనం వెళ్ళేసరికి మామూలుగా కనిపిస్తుంది. అందుకే "నిన్న సాయంత్రం చూశాను, బాగానే ఉంది" అన్న మాటను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను. గాలి ఎటు వీస్తుందో చూసి, అది ఏ మూలకి చెత్తనూ నురగనూ నెడుతుందో ఆ మూలకి వెళ్ళి చూడండి. చెడు చేరేది అక్కడే. దురదృష్టం ఏంటంటే, అలాంటి లోతులేని మూలల్లోనే పిల్లలు ఆడతారు, పశువులు నీళ్ళు తాగుతాయి.

అనుమానం వచ్చినప్పుడు చేయదగ్గ చిన్న పరీక్షలు రెండు. ఒక పొడవాటి పుల్ల తీసుకుని నీళ్ళలో పెట్టి మెల్లగా ఎత్తండి. పొడవాటి పచ్చటి పోగులు పుల్లకి చుట్టుకుని వేలాడితే అది చాలావరకు మామూలు పోగు నాచు. చూడటానికి అసహ్యంగా ఉంటుందే గానీ విషం సంగతి సాధారణంగా ఉండదు. అలా పోగులేం రాకుండా పుల్లకి రంగు పూసినట్టు అంటుకుంటే వెనక్కి తగ్గండి. పుల్ల పట్టుకున్న చేతికి గ్లవ్ ఉంటే మంచిది, ఆ పుల్లను తర్వాత కుక్కకి ఆడుకోవడానికి విసరకండి.

రెండోది సీసా పరీక్ష. గ్లవ్స్ వేసుకుని, పైనున్న తెట్టును కాకుండా కాస్త కిందనుంచి నీళ్ళు ముప్పావు వంతు పట్టండి. నిండుగా పడితే లోపల గ్యాస్ చేరి మూత ఎగిరే అవకాశం ఉంది. బయట శుభ్రంగా తుడిచి, పేరు రాసి, ఎవరూ తాగని చోట, వీలైతే ఫ్రిజ్‌లో ఓ మూల, రాత్రంతా కదపకుండా పెట్టండి. పొద్దున్నే చూస్తే పచ్చదనం అడుక్కి దిగి ఉంటే మామూలు నాచు అయ్యే అవకాశం ఎక్కువ. పైన పట్టీలా తేలితే సయానోబ్యాక్టీరియా అనుకోవచ్చు. ఇది పక్కా పరీక్ష కాదు. గాలి గదులు లేని రకాలూ ఉన్నాయి. కాబట్టి పైకి తేలితే నమ్మండి, కిందికి దిగితే మాత్రం పూర్తిగా నమ్మకండి.

పరీక్షలేవీ వద్దనుకునేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. మోకాటి లోతు నీళ్ళలో నిలబడితే మీ పాదాలు మీకు కనిపించాలి. నీళ్ళు పచ్చగా ఉండి పాదాలు కనిపించలేదా, బయటికి వచ్చేసి కాళ్ళు కడుక్కోండి. తెట్టు కళ్ళెదుటే కనిపిస్తుంటే పాదం పెట్టి చూడాల్సిన పనే లేదు.

ఫోటోల్లో ఎక్కువమంది కంగారుపడేవి అసలు నాచే కాదు. గింజంత గుండ్రటి ఆకులు నీళ్ళ మీద పచ్చగా పరుచుకుని ఉంటే అది డక్‌వీడ్ అనే మొక్క. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో ఆకు, దాని కింద వేలాడే సన్నటి వేరు విడిగా కనిపిస్తాయి. అజొల్లా కూడా అంతే, ఎండ ఎక్కువైతే ఎర్రగా మారి జనాన్ని హడలగొడుతుంది. చెట్లు పూసే రోజుల్లో పుప్పొడి రాలి పసుప్పచ్చ పొరలా ఒడ్డుకు చేరుతుంది. వేరో ఆకో కాండమో కంటికి కనిపించిందంటే అది మొక్క. అయితే మొక్కల మధ్య ఖాళీల్లో పచ్చటి తెట్టు కూడా ఉండొచ్చు, అదీ చూసుకోండి.

వాసన గురించి ఒక మాట. నీళ్ళకి తొలకరి మట్టి వాసన వస్తే చాలామంది విషం అనుకుంటారు. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చేదీ అదే. మన ముక్కు దాన్ని లీటరుకి నానోగ్రాముల్లో ఉన్నా పట్టేస్తుంది. అది విషం కాదు. విషానికేమో రంగూ రుచీ వాసనా ఉండవు. కాబట్టి వాసన వస్తే నాచు ఉందేమోనని చూడండి గానీ, వాసన లేదని ధైర్యపడకండి.

మా తమ్ముడికి లాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. నీళ్ళు కనిపిస్తే ఆగడు. ఒక రోజు తమ్ముడు కంగారుగా ఫోన్ చేశాడు.

"అక్కా, నీళ్ళు పచ్చగా ఉన్నాయి, నేను చూసేలోపే బ్రూనో దూకేశాడు. ఫోటో పంపనా?"

"ఫోటో తర్వాత. ముందు వాణ్ణి బయటికి లాగు. ఒళ్ళు నాక్కోనివ్వకు."

"తువ్వాలుతో తుడిచేస్తా."

"తుడిస్తే పోదురా. మంచినీళ్ళు పోసి కడుగు, బొచ్చు లోపలిదాకా. నీ చేతులకి గ్లవ్స్ గానీ కవర్లు గానీ వేసుకో. కడిగాక వాంతులు, తూలడం, చొంగ కారడం ఏది కనిపించినా ఆలోచించకుండా పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తు."

బ్రూనోకి ఏమీ కాలేదు. అన్ని కుక్కలకీ అంత అదృష్టం ఉండదు. కుక్కలు ఎందుకు ఎక్కువగా చస్తాయంటే, అవి ఈదుతూ నీళ్ళు మింగుతాయి, ఒడ్డుకొచ్చాక బొచ్చుకు అంటుకున్న చిక్కటి తెట్టునంతా నాకి శుభ్రం చేసుకుంటాయి. ఒడ్డున ఎండిన నాచు ముద్దల్ని తినేవీ ఉంటాయి. అనాటాక్సిన్ అనే విషం నరాల మీద పనిచేస్తుంది. ఎక్కువగా వెళ్తే నిమిషాల్లోనో గంటల్లోనో శ్వాస కండరాలు పనిచేయకుండా పోతాయి. దానికి విరుగుడు మందు లేదు. డాక్టరు చేయగలిగేది ఊపిరి నిలబెట్టడం, లక్షణాలకు వైద్యం చేయడం. ఆ టైములో "ఏ నీళ్ళలో దిగాడు, ఎప్పుడు" అన్న సమాచారం డాక్టరుకి బాగా ఉపయోగపడుతుంది.

కుక్కల తర్వాత ఎక్కువ ప్రమాదం చిన్నపిల్లలకి. వాళ్ళు ఒడ్డునే ఆడతారు, మింగే నీళ్ళు ఎక్కువ, ఒంటి బరువు తక్కువ. పెద్దవాళ్ళలో సాధారణంగా కనిపించేవి ఒంటి మీద దద్దుర్లు, కళ్ళ మంట, గొంతు నొప్పి, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి, తలనొప్పి. కొందరికి గంటల్లో, కొందరికి ఒకట్రెండు రోజుల తర్వాత. ఏదో తిన్నది పడలేదనుకుని వదిలేస్తారు, అందుకే ఇవి లెక్కల్లోకి ఎక్కవు. మైక్రోసిస్టిస్ లాంటివి తయారుచేసే మైక్రోసిస్టిన్ లాంటి విషాలు లివర్ మీద పనిచేస్తాయి, ఎక్కువ మోతాదులో వెళ్తే విషయం సీరియస్సే. తెట్టు ఉన్న నీటి మీద జెట్ స్కీ నడిపినా, స్పీడుబోటులో తిరిగినా సన్నటి తుంపర ముక్కులోకి పోతుంది. అదీ మంచిది కాదు. ఆ నీళ్ళలో పట్టిన చేపల పేగులూ లివరూ పారేసి, మాంసం మాత్రం మంచినీళ్ళతో బాగా కడగాలి. తెట్టు దట్టంగా ఉన్నప్పుడు నా సలహా అడిగితే, అసలు పట్టొద్దనే అంటాను.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే మాటకి వస్తాను. "మరిగించి తాగితే సరిపోతుందిగా?" సరిపోదు. క్రిములకైతే మరిగించడం మంచి పద్ధతే. కానీ ఇక్కడ సమస్య క్రిమి కాదు, అది తయారుచేసిన పదార్థం. మైక్రోసిస్టిన్ ఏడు అమైనో ఆమ్లాలు ఉంగరంలా ముడిపడ్డ అణువు, నీళ్ళు మరిగే వేడికి అది చెక్కుచెదరదు. పైగా రెండు నష్టాలు. మరిగితే నాచు కణాలు పగిలి లోపలున్న విషం కూడా నీళ్ళలోకి వస్తుంది. నీరు ఆవిరై తగ్గేకొద్దీ, మిగిలినదాంట్లో విషం ఇంకా చిక్కబడుతుంది.

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరానికి సరిగ్గా ఈ సమస్యే ఎదురైంది. ఈరీ సరస్సులో పెరిగిన మైక్రోసిస్టిస్ వాళ్ళ నీళ్ళు లాగే చోటికి చేరింది. ఆగస్టు 2న తెల్లవారకముందే కుళాయి నీళ్ళు తాగొద్దు, మరిగించొద్దు కూడా అని హెచ్చరిక ఇచ్చారు. నాలుగు లక్షలమందికి పైగా జనం, పక్కనే అంత పెద్ద సరస్సు పెట్టుకుని, సీసా నీళ్ళ కోసం పరుగులు తీశారు. ఆగస్టు 4న గానీ హెచ్చరిక ఎత్తేయలేదు. ఆ హెచ్చరికలో నాకు నచ్చింది 'మరిగించొద్దు' అన్న మాటను అంత స్పష్టంగా పెట్టడం. అది చెప్పకపోతే సగం మంది పొయ్యి వెలిగించేవాళ్ళే.

లెక్క ఎంత చిన్నదో చూడండి. తాగేనీటిలో మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్ అనే రకం విషం లీటరుకి ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గ్రాములో పది లక్షల వంతు. జీవితాంతం రోజూ తాగినా ఫరవాలేదన్న లెక్కన పెట్టిన పరిమితి అది. ఈతకైతే అదే సంస్థ 24 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈతకి 8 అంటుంది. తెట్టు కట్టిన చోట ఈ అంకెలన్నిటినీ దాటి ఎక్కడికో పోయే అవకాశం ఉంటుంది.

ఇంట్లో ఫిల్టరు ఉందిగా అంటారు. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు క్రిముల కోసం చేసినవి, నీళ్ళలో కరిగిన ఈ విషాన్ని ఆపుతాయని నమ్మడానికి లేదు. యాక్టివేటెడ్ కార్బన్‌కి దాన్ని పట్టుకునే గుణం ఉంది, ఆర్‌ఓ పొర కూడా చాలావరకు ఆపుతుంది. కానీ మీ ఇంట్లో కార్బన్ ఎప్పుడు నిండిపోయిందో, పొర ఎక్కడ చిరిగిందో మీకెలా తెలుస్తుంది? నీటి శుద్ధి కేంద్రాల్లో ముందు నాచు కణాలను పగలకుండా వేరుచేసి, తర్వాత కార్బన్ వేసి, ఆపైన క్లోరినో ఓజోనో కలుపుతారు, ప్రతి దశలో పరీక్షిస్తారు. కంటికి తెట్టు కనిపిస్తున్న నీళ్ళని ఇంటి మెషీన్ మీద భారం వేసి తాగే ధైర్యం నాకు లేదు.

నాచును చంపేస్తే పోలేదా అన్నది ఇంకో ప్రశ్న. కుంట ఉన్నవాళ్ళు ఎక్కువగా అడుగుతారు, కొందరు అడగకుండానే మైలుతుత్తం తెచ్చి చల్లేస్తారు. ఆస్ట్రేలియాలో పామ్ ఐలాండ్ అనే దీవి ఉంది. 1979లో అక్కడి తాగునీటి డ్యాములో నాచు పెరిగి, నీళ్ళకి వాసన వస్తోందని జనం ఫిర్యాదు చేశారు. మైలుతుత్తం వేశారు. నాచు చచ్చింది. కొన్ని రోజులకి 148 మంది లివర్ వాపు లక్షణాలతో మంచాన పడ్డారు, వాళ్ళలో దాదాపు అందరూ పిల్లలే. కణాల్లో దాక్కుని ఉన్న విషాన్ని మందు ఒక్కసారిగా నీళ్ళలోకి వదిలింది. ఆ విషానికి తర్వాత సిలిండ్రోస్పెర్మాప్సిన్ అని పేరు పెట్టారు. వాసన పోగొట్టబోయి జరిగిన పని అది. చచ్చిన నాచు కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్‌ని కూడా తినేస్తుంది, చేపలు తేలిపోతాయి. అందుకే తెట్టు మాయమై నీళ్ళు తేటబడ్డాయని వెంటనే దిగొద్దు. నీళ్ళలోని విషం నశించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఇంతకన్నా ఘోరం 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో జరిగింది. ఒక డయాలిసిస్ సెంటరుకి సరిగ్గా శుద్ధి చేయని రిజర్వాయర్ నీళ్ళు వచ్చాయి. డయాలిసిస్‌లో ఒక్కసారికి దాదాపు 120 లీటర్ల నీరు పల్చటి పొరకి అవతలివైపు రక్తాన్ని ఒరుసుకుంటూ పోతుంది. కడుపులోకి వెళ్ళే నీళ్ళకి కనీసం పేగుల అడ్డు ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. దాదాపు వందమందికి లివర్ దెబ్బతింది. 52 మంది చావుకి మైక్రోసిస్టిన్ కారణమని తేల్చారు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు "ఇంత చిన్న అంకెకి ఇంత హడావుడా" అన్నప్పుడల్లా నేను ఈ కథే చెబుతాను.

ఇదంతా ఎందుకు పెరుగుతోందంటే, భాస్వరం. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సుకి మధ్యలో తెర కట్టింది. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం పచ్చగా మారిపోయింది, రెండోది మామూలుగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇక వాదన అక్కర్లేదు. మురుగు, ఎరువులు వానతో కొట్టుకొచ్చి చేరడం, ఆ వెంటనే ఎండ, గోరువెచ్చటి నిలవ నీరు. ఈ మూడూ కలిసిన వారాల్లో ఒడ్డుకి వెళ్ళేముందు ఒకటికి రెండుసార్లు చూడండి.

సముద్రం వేరే కథ, క్లుప్తంగానే చెబుతాను. అక్కడ ముఖ్య పాత్ర డైనోఫ్లాజెల్లేట్లు, డయాటమ్‌లు అనే ఒంటికణం జీవులది. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కరేనియా బ్రెవిస్ అనే డైనోఫ్లాజెల్లేట్ పెరిగితే అలల తుంపరకే దగ్గు వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్ళు బీచ్‌కి వెళ్ళకపోవడమే మంచిది. అసలు చిక్కు ఆల్చిప్పల జాతితో. అవి నీటిని వడకడుతూ విషాన్ని ఒంట్లో పోగుచేసుకుంటాయి, వాటికేం కాదు, తిన్నవాళ్ళకి అవుతుంది. 1987లో కెనడాలో మస్సెల్స్ అనే ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, కొందరికి జ్ఞాపకశక్తి పోయింది. అది డోమోయిక్ ఆమ్లం అనే డయాటమ్ విషం పని. ఉడికించినా, గడ్డకట్టించినా ఆ విషాలు పోవు. నీళ్ళు ఎర్రగా లేకపోయినా ఉండొచ్చు. అందుకే తీరంలో పెట్టిన నిషేధం బోర్డుని రంగు చూసి కొట్టిపారేయకండి.

ఇక నాకు ఫోటో పంపాలనుకునేవాళ్ళకి. ఒక్క క్లోజప్ పంపితే నాకేం తెలీదు. ఒడ్డంతా కనిపించేలా దూరం నుంచి ఒకటి, తెట్టు పక్కన పుల్లో పెన్నో పెట్టి సైజు తెలిసేలా దగ్గరగా ఒకటి, పుల్లతో ఎత్తినప్పుడు ఒకటి తీయండి. టైము, గాలి ఎటు వీస్తోంది, ముందు రోజుల్లో వాన పడిందా, చచ్చిన చేపలో పక్షులో కనిపించాయా, ఇవి రాయండి. ఆ నీళ్ళు ఎవరైనా తాగడానికి వాడుతుంటే నాకు పంపేముందు ఆ నీటిని చూసుకునే అధికారులకి ఫోన్ చేయండి, వాళ్ళు నీళ్ళు ఆపగలరు, నేను ఆపలేను. శాంపిల్ తెస్తామంటే శుభ్రమైన సీసాలో, కాస్త ఖాళీ వదిలి, వెలుతురు తగలకుండా చుట్టి, ఐస్ మధ్యలో పెట్టి ఒక రోజులోపు ల్యాబ్‌కి చేర్చండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. గడ్డకడితే కణాలు పగిలిపోతాయి, మైక్రోస్కోపు కింద నాకు పచ్చరంగు తప్ప ఏమీ కనిపించదు.